పబ్బు నుంచి ప్లాట్‌ఫారం దాకా: ఉత్తర ఇంగ్లండ్ చిన్న స్టేషన్లలో ఐదు రోజులు

1825 సెప్టెంబరు 27న స్టాక్టన్–డార్లింగ్టన్ రైలు మార్గం మొదలైన నాడు దాని మీద ప్రయాణికుల కోసం కట్టిన స్టేషన్ ఒక్కటీ లేదు. ప్లాట్‌ఫారం లేదు, టికెట్ కిటికీ లేదు, గోడ గడియారం లేదు, తలమీద కప్పు లేదు. తర్వాతి యాభై అరవై ఏళ్లలో ఒక్కో అవసరం తోసుకొచ్చిన కొద్దీ ఒక్కోటి వచ్చి చేరింది. ఏది ఎందుకు వచ్చిందో ఇప్పటికీ కళ్లతో చూడగలిగే ఊళ్లు ఉత్తర ఇంగ్లండ్‌లో వరసగా ఉన్నాయి. లండన్ పెద్ద స్టేషన్లలో ఈ పొరలు కనిపించవు, అక్కడ పాతదాని మీద కొత్తది కప్పేశారు. అందుకే ఈ యాత్రంతా చిన్న ఊళ్లలోనే: డార్లింగ్టన్ నుంచి కార్లైల్, అక్కడి నుంచి సెటిల్, చివరికి విట్బీ.

ఖర్చు సంగతి ముందే చెప్పుకుంటే మేలు. ఏడాదికి 35 పౌండ్ల రైల్‌కార్డు ఉంటే చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది, ఇలాంటి ఐదు రోజుల తిరుగుడులోనే దాని డబ్బు చాలావరకు తిరిగొస్తుంది. ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి రద్దీ లేని వేళల్లో వెళితే చాలా మార్గాల్లో కార్డు లేకుండానే ఆ తగ్గింపు దొరుకుతుంది. బస్సుల్లో ఎంత దూరమైనా ఒకవైపు టికెట్ 3 పౌండ్లు దాటకూడదన్న ప్రభుత్వ పరిమితి ఉంది. చివరి రోజు అది బాగా కలిసొచ్చింది.

మొదటి రోజు, బుధవారం: డార్లింగ్టన్, హైయింగ్టన్, షిల్డన్

డార్లింగ్టన్‌లో రెండు స్టేషన్లున్నాయి, కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు. లండన్–ఎడిన్‌బరో బండ్లు ఆగేది 1887లో కట్టిన బ్యాంక్ టాప్‌లో. చరిత్ర ఉన్నది నార్త్ రోడ్‌లో, అక్కడికి బిషప్ ఆక్లండ్ వైపు వెళ్లే చిన్న బండి ఎక్కాలి. 1842 నాటి నార్త్ రోడ్ భవనం ఇప్పుడు హోప్‌టౌన్ అనే ప్రదర్శనశాలలో భాగం, ప్రవేశం ఉచితం. భవనం మ్యూజియం అయిపోయినా పక్కనున్న ఒంటి ప్లాట్‌ఫారం మీద బండ్లు ఆగుతూనే ఉన్నాయి. లోపల గాజుపెట్టెల్లో పాత టికెట్లు, బయట బడిపిల్లలు బండి దిగుతూ ఉంటారు.

అక్కడికి దగ్గర్లోనే స్కెర్న్ నది మీద ఇగ్నేషియస్ బొనోమీ రూపకల్పన చేసిన రాతి వంతెన ఉంది. 1825 నుంచి ఇప్పటిదాకా ఆగకుండా వాడుకలో ఉన్న రైలు వంతెనల్లో దీన్నే అతి పాతదిగా లెక్కిస్తారు. 1990లో వచ్చిన ఐదు పౌండ్ల నోటు మీద, ఈ మార్గానికి ఇంజనీరైన జార్జి స్టీఫెన్‌సన్ బొమ్మ పక్కన ఉన్నది ఈ వంతెనే. రోడ్డు మీద నుంచి వెతికితే కనబడదు, నది ఒడ్డున కాలిబాట పట్టుకుని వెళ్లాలి. రెండు పక్కలా గిడ్డంగులు ఉండటంతో ఇటు కాదేమోనని చాలామంది మధ్యలోనే వెనక్కి తిరుగుతారు. ఆ గిడ్డంగులు దాటి ఇంకొంచెం ముందుకెళితే చాలు.

హైయింగ్టన్ స్టేషన్‌కీ ఆ పేరున్న ఊరికీ నడిచి వెళ్లలేనంత కాకపోయినా చాలా ఎడం ఉంది. స్టేషన్ ఉన్నది పాత ఏక్లిఫ్ లేన్ రోడ్డు పట్టాలను దాటే చోట. న్యూకాజిల్‌లో తయారైన లోకోమోషన్ నంబర్ 1 ఇంజను విడిభాగాలను గుర్రపు బండ్ల మీద రోడ్డున తెచ్చి, ఇక్కడే బిగించి పట్టాలెక్కించారు. ఆ చోటికి కూతవేటు దూరంలో 2015లో హిటాచీ రైలు ఫ్యాక్టరీ తెరిచింది. మొదటి ఇంజను పట్టాలెక్కిన చోటే ఇవాళ్టికీ కొత్త బండ్లు పట్టాలెక్కుతున్నాయి.

పట్టాల పక్కనున్న రెండంతస్తుల సున్నపు గోడల ఇల్లే ఈ యాత్రకు అసలు మొదలు. 1826–27లో కంపెనీ దీన్ని పబ్బుగా కట్టింది. రైలు కంపెనీకి పబ్బెందుకు? మొదటి ఎనిమిదేళ్లు ఈ మార్గం మీద ప్రయాణికులను లాగింది ఇంజన్లు కాదు, గుర్రాలు. ఇంజన్లు బొగ్గుకే. రోడ్డు మీద టోల్ కట్టినట్టు కంపెనీకి సుంకం కట్టి ఎవరైనా తమ గుర్రపు పెట్టెను పట్టాల మీద నడుపుకోవచ్చు. లైను ఒకటే, మధ్యమధ్య పక్కకు తప్పుకునే చోట్లుండేవి. ఎదురుపడినప్పుడు ఎవరు వెనక్కి వెళ్లాలన్న తగాదా రాకుండా రెండు చోట్ల నడుమ సగం దూరంలో గుంజ పాతారు. గుంజను ముందు దాటినవాడిదే దారి, రెండోవాడు వెనక్కి పోవాలి. ఇలాంటి ఏర్పాటులో బండి ఫలానా వేళకు వస్తుందని ఎవరు చెప్పగలరు? కాబట్టి గుర్రం నీళ్లు తాగే చోట, మనిషి చలి కాచుకునే చోట, అంటే పబ్బు దగ్గర, బండి ఆగేది. 1833లో కంపెనీ గుర్రపు బండ్ల వాళ్లను తప్పించి ఇంజన్లతో తనే నడపడం మొదలుపెట్టాకే వేళల పట్టిక, దాని వెంట స్టేషన్ అవసరమయ్యాయి.

పబ్బు 2017లో మూతపడింది. దాని ముందు గులకరాళ్లు పరిచిన పాత ప్లాట్‌ఫారం ముక్క మాత్రం మిగిలింది. దాని ఎత్తు చీలమండ దాకా ఉంటుందేమో. బండిలోకి ఎక్కించడం దాని పని కాదు, పాదాలకు బురద అంటకుండా చూడటమే. పక్కనే ఇప్పటి కాంక్రీటు ప్లాట్‌ఫారం నడుం దాకా ఉంటుంది. రెంటి మధ్య నిలబడి ఒక్కసారి అటూ ఇటూ చూస్తే చాలు.

ఇలాంటి చిన్న స్టేషన్లలో మనిషి ఉండడు, మిషన్ ఉంటుంది, అదీ చాలాచోట్ల కార్డులే తీసుకుంటుంది. నగదుతో కొనేవాళ్లు ఆ మిషన్ లోనే ‘తర్వాత చెల్లిస్తాను’ అనే చీటీ తీసుకుని బండిలో గార్డుకు చూపించాలి. మిషన్ ఉండగా ఏదీ లేకుండా ఎక్కితే జరిమానా పడవచ్చు. తలుపులు వాటంతట అవి తెరుచుకోవు, వెలిగే బొత్తాం నొక్కాలి. ఎవరో తెరుస్తారని నిలబడితే బండి వెళ్లిపోతుంది.

షిల్డన్‌లో లోకోమోషన్ మ్యూజియం కూడా ఉచితమే. కంపెనీ ఇంజన్ల బాధ్యత చూసిన టిమతీ హ్యాక్‌వర్త్ కాపురమున్న ఊరిది. ఊరంతా వ్యాగన్ల కర్మాగారం మీదే బతికింది, 1984లో అది మూతపడింది. మ్యూజియంలో దారి చూపే పెద్దవాళ్లలో ఎవరిని కదిపినా మాట ఆ కర్మాగారం దగ్గరికే వస్తుంది. క్యాంటీన్ ధరలు మామూలే, టీ మూడు పౌండ్ల లోపు.

రెండో రోజు, గురువారం: వైలమ్, హాల్ట్‌విజిల్, బ్రాంప్టన్, కార్లైల్

న్యూకాజిల్ సెంట్రల్‌లో బండి మారేటప్పుడు ఒక్కసారి తలెత్తి వంపు తిరిగిన ఆ ఇనుప కప్పును చూడాలి. 1850లో విక్టోరియా రాణి ప్రారంభించింది. స్టేషన్ బయట స్టాటీ అనే మందపాటి గుండ్రటి రొట్టె, మధ్యలో పీజ్ పుడ్డింగ్ పెట్టి అమ్ముతారు. పీజ్ పుడ్డింగ్ అంటే పసుపు బఠాణీ పప్పును మెత్తగా ఉడికించిన ముద్ద. తాలింపు వేయని ముద్దపప్పు అనుకుంటే సరిపోతుంది. మాంసం తిననివాళ్లు అడిగి తీసుకోవాలి, ఆ పప్పును పంది మాంసం ఉడికిన నీళ్లలో వండటం ఇక్కడి అలవాటు. కౌంటరు వెనకున్న ఆవిడ పరిచయం ఉన్నా లేకపోయినా ‘పెట్’ అని పిలుస్తుంది, మనవైపు ‘అమ్మా’, ‘నాయనా’ అన్నంత సహజంగా.

న్యూకాజిల్–కార్లైల్ మార్గంలో మొదటి ముక్క 1835 మార్చిలో తెరిచింది, 1838 నాటికి ఒక కొస నుంచి ఇంకో కొసకు బండి నడిచింది. వైలమ్ స్టేషన్ మాస్టరు ఇల్లు ఆ 1835 నాటిదే. హైయింగ్టన్ పబ్బు చూసి వచ్చిన కళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. ఇక్కడ కంపెనీ తన మనిషికి కాపురం ఏర్పాటు చేసింది, అంటే స్టేషన్‌కు ఒక యజమాని వచ్చాడు. ఎత్తు పొగగొట్టాలు, వాలు కప్పు, రాతి చట్రాల కిటికీలు చూస్తే ఊళ్లోని పెద్దమనిషి ఇల్లే అనిపిస్తుంది. నిప్పులు కక్కే యంత్రమంటే భయపడే ఊళ్లను మచ్చిక చేసుకోవడానికి తొలినాటి కంపెనీలు తమ స్టేషన్లను ఇళ్లలా కట్టాయి. 1781లో జార్జి స్టీఫెన్‌సన్ పుట్టిన ఇల్లు నది అవతల, పాత బొగ్గుబండ్ల దారి వెంట కొద్ది దూరం నడిస్తే వస్తుంది.

హాల్ట్‌విజిల్ పేరు చూసి రైలు ఈల గుర్తు రావడం సహజమే గానీ ఆ పేరు రైలు కన్నా కొన్ని వందల ఏళ్లు పాతది. రెండు వాగులు కలిసే చోటుకున్న పాత మాట అందులో దాగి ఉంది. ప్లాట్‌ఫారం పక్కనున్న 1861 నాటి పోత ఇనుప నీళ్లతొట్టి మీద ఇంజనీరు పీటర్ టేట్ పేరు అచ్చుపోసి ఉంది. ఇక్కడి నుంచి కొండల్లోని ఆల్‌స్టన్‌కు 1852లో వేసిన శాఖ 1976 దాకా నడిచింది. శీతాకాలంలో ఆ ఊరికి రోడ్డు సరిగ్గా ఉండదన్న ఒక్క కారణంతో 1960ల మూసివేతల్లో అది బతికింది, రోడ్డు బాగుపడ్డాక పోయింది. రోడ్డు లేకపోవడం రైలుకు ఆయుష్షు పోసిన ఇలాంటి కథ చివరి రోజు మళ్లీ ఎదురవుతుంది.

ఈ రోజంతా ఒక ఎత్తు, బ్రాంప్టన్ ఒక ఎత్తు. దిగి చూస్తే ఏమీ లేదు: రెండు ప్లాట్‌ఫారాలు, ఒక వంతెన, చుట్టూ చెట్లు. ఊరు మైలున్నర దూరం. 1836లో ఊరికీ స్టేషన్‌కూ మధ్య డాండీ అనే గుర్రపు పెట్టె పట్టాల మీద తిరిగేది, ఆ పట్టాల దారే ఇప్పుడు నడకదారి. వాన పడితే జారుతుంది, గట్టి బూట్లు కావాలి. ఈ స్టేషన్ అప్పటి పేరు మిల్టన్. మనందరి జేబుల్లో ఒకప్పుడు తిరిగిన అట్ట టికెట్ పుట్టింది ఇక్కడే.

థామస్ ఎడ్మండ్‌సన్ లాంకాస్టర్‌లో పుట్టిన క్వేకరు, అంటే ఒక క్రైస్తవ శాఖకు చెందినవాడు, చేయి తిరిగిన వడ్రంగి. వ్యాపారం దివాలా తీసి, 1836లో ఇక్కడ స్టేషన్ గుమాస్తాగా చేరాడు. అప్పటిదాకా గుర్రపు కోచీల పద్ధతే రైలుకూ వాడేవారు. ప్రయాణికుడి పేరు, వెళ్లే ఊరు, కట్టిన డబ్బు పుస్తకంలోకి ఎక్కించి, చేత్తో కాగితం రాసి ఇచ్చేవాళ్లు. ఆ పుస్తకం వల్లే దీన్ని ‘బుకింగ్’ అన్నారు, మనమూ ఆ మాటే వాడుతున్నాం. ఇందులో చిక్కులు రెండు. కోచీలో పదిమందికి చీటీ రాయడం ఒక పని, రైలుకు వందమందికి రాయడం ఇంకో పని. రెండోది, గుమాస్తా పుస్తకంలోకి ఎక్కించకుండా డబ్బు జేబులో వేసుకుంటే కంపెనీకి తెలిసే దారి లేదు.

ఎడ్మండ్‌సన్ విరుగుడు చూడండి. 57 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పు ఉన్న అట్టముక్కల మీద వెళ్లే ఊరి పేరు, వరస సంఖ్య ముందే అచ్చువేయాలి. ఒక్కో ఊరికి ఒక్కో నిలువు గొట్టం. టికెట్లు పైనుంచి పేర్చి, అమ్మేటప్పుడు అడుగుది లాగాలి. అప్పుడు ఎప్పుడూ చిన్న సంఖ్య చేతికొస్తుంది, తర్వాతి సంఖ్య కిందికి దిగి కనబడుతుంది. రోజు చివర ఆ సంఖ్యలోంచి పొద్దున రాసుకున్న సంఖ్య తీసేసి టికెట్ ధరతో గుణిస్తే గల్లాపెట్టెలో ఎంత ఉండాలో వచ్చేస్తుంది. వరసలో ఒక్క టికెట్ తప్పినా దొరికిపోతుంది. తేదీ మాత్రం ముందే వేయలేరు గనక కార్లైల్ గడియారాల పనివాడు జాన్ బ్లేలాక్ సాయంతో చిన్న ఇనుప యంత్రం తయారైంది. సందులో అట్టను తోస్తే టక్కున తేదీ పడుతుంది. దాన్ని పేటెంటు చేసి, వాడుకునే కంపెనీల నుంచి మార్గంలో మైలుకు ఏడాదికి పది షిల్లింగుల చొప్పున వసూలు చేశాడు. ఆ డబ్బుతో దివాలా నాటి బాకీలన్నీ తీర్చాడు. చట్టం ప్రకారం తీర్చక్కర్లేని బాకీలవి.

కంప్యూటర్ టికెట్లు రాకముందు సికింద్రాబాద్‌లోనో బెజవాడలోనో కిటికీ అవతల టక్, టక్ మని వినిపించిన చప్పుడు ఇదే. గుమాస్తా వెనక గూళ్ల నిండా నిలువుగా పేర్చిన ఆ రంగు అట్టముక్కలు, అన్నీ ఈ చెట్ల మధ్య పుట్టిన లెక్కే. బ్రిటిష్ రైల్వే 1990లో వాటిని మానేసింది.

రాత్రి బస కార్లైల్‌లో. 1847 నాటి ఈ స్టేషన్‌ను ఒక దశలో ఏడు వేర్వేరు కంపెనీల బండ్లు పంచుకున్నాయి. ఇక్కడి సూర్యుడు లండన్ సూర్యుడి కన్నా దాదాపు పన్నెండు నిమిషాలు వెనక. ఊరి వేళ ఒకటి, రైలు వేళ ఇంకొకటి అయితే బండి తప్పిపోవడం ఖాయం. 1847లో రైలు కంపెనీల ఉమ్మడి లెక్కల సంస్థ అన్ని కంపెనీలూ గ్రీనిచ్ వేళే పాటించాలంది. చట్టం 1880లో గానీ రాలేదు, అంటే ముప్ఫై మూడేళ్లు దేశం గడియారాన్ని నడిపింది స్టేషన్లే.

మూడో రోజు, శుక్రవారం: యాపిల్‌బీ, గార్స్‌డేల్, డెంట్, రిబుల్‌హెడ్

కార్లైల్–సెటిల్ మార్గం 72 మైళ్లు. బండ్లు రెండు గంటలకొకటి చొప్పున ఉంటాయి, అందుకే ఎక్కడ దిగాలో ముందే లెక్కేసుకోవాలి. రోజుకు మూడు నాలుగు చోట్లు దిగితే ఎక్కువ. కొండల మీద దుకాణాలుండవు, నీళ్లు, తిండి యాపిల్‌బీలోనే కొనుక్కోవాలి.

మిడ్‌లాండ్ కంపెనీ 1876 మే 1న ఇక్కడ ప్రయాణికుల బండ్లు మొదలుపెట్టింది. స్టేషన్లన్నీ జాన్ హాలోవే శాండర్స్ గీసినవే, పెద్దది, నడిమిది, చిన్నది అని మూడు నమూనాలు. సెటిల్, యాపిల్‌బీ, కర్క్‌బీ స్టీఫెన్‌లకు పెద్దది. కప్పు అంచున చెక్కిన పలకలు, కోణాల కిటికీలు ఒకటే తీరు, మారేది ఆ చుట్టుపక్కల దొరికే రాయి. ఉత్తరాన ఎర్ర ఇసుకరాయి, దక్షిణాన బూడిద రంగు. అంతకు యాభై ఏళ్ల ముందు గుర్రాలు నీళ్లు తాగిన పబ్బెక్కడ, అచ్చుపోసినట్టున్న ఈ స్టేషన్లెక్కడ!

అయితే పటం చూసి మోసపోకూడదు. కర్క్‌బీ స్టీఫెన్ స్టేషన్ ఊరికి మైలున్నర, డెంట్ స్టేషన్ డెంట్ ఊరికి నాలుగు మైళ్ల పైనే, అదీ దాదాపు ఆరువందల అడుగుల ఎత్తున. మిడ్‌లాండ్‌కు కావలసింది స్కాట్లండ్‌కు వేగంగా వెళ్లే దారి. ఎక్కుడు నూటికి ఒకటి మించకూడదు, మలుపులు తక్కువ ఉండాలి. ఆ గీత ఎటు పోతే అటే స్టేషన్. ఊళ్ల కోసం లైను లోయలోకి దించి మళ్లీ ఎక్కించడానికి వాళ్లు ఒప్పుకోలేదు. సముద్రమట్టానికి 1,150 అడుగుల ఎత్తున్న డెంట్ ఇంగ్లండ్ ప్రధాన మార్గాల స్టేషన్లన్నింట్లో ఎత్తైనది. పైన గట్టు మీద నిలువుగా పాతిన పాత స్లీపర్ల (పట్టాల కింద వేసే చెక్క దుంగల) దడి ఉంది, పట్టాల మీద మంచు పేరుకోకుండా. ఊళ్లోకి దిగే రోడ్డు మోకాళ్లు పట్టేసే వాలు. టాక్సీ ముందే మాట్లాడుకోకపోతే తిరిగి ఎక్కడం గండమే, ఫోన్ సిగ్నలూ నమ్మకం లేదు.

గార్స్‌డేల్ పాత పేరు హాస్ జంక్షన్. ఇక్కడ ఇంజన్లను అటునుంచి ఇటు తిప్పే గుండ్రటి బల్ల చుట్టూ స్లీపర్లతో కంచె కట్టారు, ఒకసారి గాలి దెబ్బకు ఇంజను ఆగకుండా గిరగిరా తిరిగిందట. నీళ్లతొట్టి కింద గదిలో ఊరివాళ్లు నాట్యాలు ఆడేవారు, నిరీక్షణ గదిలో గ్రంథాలయం ఉండేది. ఊరికి దూరమైన స్టేషనే ఆ కొండ మనుషులకు ఊరు అయింది. 1910 డిసెంబరు 24 తెల్లవారుజామున ఇక్కడి సిగ్నల్ మనిషి లైను మీద నిలబెట్టిన రెండు ఖాళీ ఇంజన్ల సంగతి మరిచి, వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చాడు. పన్నెండుమంది చనిపోయారు. మరుపు వల్ల ప్రమాదం రాకుండా ఏం చేశారో మర్నాడు సెటిల్ సిగ్నల్ కేబిన్‌లో కనిపించింది.

ప్లాట్‌ఫారం మీద ఒక కుక్క కంచు విగ్రహం. దాని పేరు రసర్ప్. 1980లలో ఈ మార్గం మూసేస్తామని నోటీసు ఇచ్చినప్పుడు అభ్యంతరాలు పంపిన వేలమందిలో దాని పంజా ముద్రా ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకున్నారు. మూసేయడానికి చెప్పిన పెద్ద కారణం రిబుల్‌హెడ్ వంతెన మరమ్మతు ఖర్చు. ఒక కమాను బాగుచేసి చూస్తే అంచనా కన్నా చాలా తక్కువలో అవుతుందని తేలింది. 1989 ఏప్రిల్ 11న మార్గం ఉంటుందని ప్రభుత్వం ప్రకటించింది.

ఆ వంతెనకు 24 కమానులు, ఎత్తు 104 అడుగులు. కింద నిలబడి స్తంభాలు లెక్కపెడితే ప్రతి ఆరోది లావుగా కనిపిస్తుంది. ఒక కమాను కూలితే మొత్తం వరస పేకముక్కల్లా పడిపోకుండా ఆ లావు స్తంభం దగ్గర ఆగాలని. కట్టిన కూలీలు, వాళ్ల పిల్లలు రెండువందల మందికి పైగా చాపెల్ లె డేల్ చర్చి ఆవరణలో సమాధుల్లో ఉన్నారు. ఎక్కువమందిని మింగింది మశూచి, ప్రమాదాలు. చర్చికి వెళ్లే దారి రోడ్డు వెంటే, కార్లు వేగంగా వస్తాయి, జాగ్రత్త.

రిబుల్‌హెడ్ స్టేషన్ మాస్టరుకు టికెట్లతో పాటు వాతావరణం కొలిచి పంపే పని కూడా ఉండేది. ఆదివారం నిరీక్షణ గదిలోనే ప్రార్థన జరిగేది. 1970లో సెటిల్, యాపిల్‌బీ తప్ప మిగతావన్నీ మూసేశారు. 1975 నుంచి వారాంతాల్లో కొండలెక్కేవాళ్ల కోసం ప్రత్యేక బండ్లు నడిచాయి. ఎనిమిది స్టేషన్లు 1986లో మళ్లీ తెరుచుకున్నాయి. అప్పటికి రిబుల్‌హెడ్‌లో ఒకవైపు ప్లాట్‌ఫారాన్ని క్వారీ కోసం తీసేసి ఉన్నారు. 1993లో కొత్తది కట్టేదాకా ఇక్కడ ఒకవైపు బండ్లు మాత్రమే ఆగాయి.

నాలుగో రోజు, శనివారం: సెటిల్, హెలిఫీల్డ్, సాల్టేర్

సెటిల్ సిగ్నల్ కేబిన్ 1891 నాటిది, 1984లో పని మానింది. స్వచ్ఛంద కార్యకర్తలు పక్కకు జరిపి బాగుచేసి శనివారాలు తెరుస్తున్నారు. మెట్లెక్కగానే బ్రాసో వాసన, నూనె వాసన. వరసగా లివర్లు: ఎర్రవి ఆపే సిగ్నళ్లవి, పసుపువి ముందు హెచ్చరికవి, నల్లవి పట్టాలు మార్చేవి, నీలివి తాళం వేసేవి, తెల్లవాటికి పనిలేదు. లివరు పట్టుకోబోతే అక్కడి పెద్దాయన ముందు గుడ్డ చేతికిస్తాడు. మెరిసే ఉక్కు పిడికి చెమట తగిలితే మర్నాటికి తుప్పు. పట్టాలు మార్చే లివరుకు బరువంతా వేసి వెనక్కి వాలాలి. సిగ్నల్ లివరు మొదట తేలిగ్గా వచ్చి, తీగ బిగుసుకున్నాక చివర్లో మొండికేస్తుంది. ఎండకు తీగ సాగితే దాని చివరనున్న సిగ్నల్ రెక్క పూర్తిగా లేవదు, అందుకే తీగ బిగించే చక్రం పక్కనే ఉంటుంది.

పక్క కేబిన్‌తో మాట గంటల మీద. ఒక గంట అంటే ‘విను’. నాలుగు వరసగా అంటే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఉందా. మూడు, ఆగి ఒకటి అంటే అన్నిచోట్లా ఆగే బండి. రెండు అంటే బండి బయల్దేరింది. రెండు, ఆగి ఒకటి అంటే బండి దాటిపోయింది. ఆరు వినిపిస్తే అన్నీ ఆపేయాలి. ఇక హాస్ జంక్షన్ మరుపుకు మందు: లివరు పిడికి తొడిగే చిన్న ఇనుప కడియం. లైను మీద బండి నిలిచి ఉంటే కడియం తొడగాలి, అప్పుడు ఆ లివరు కదలదు. దీనికి తోడు బండి నిలబడి ఉందని పట్టాలే చెప్పే విద్యుత్ వలయాలు తర్వాత విస్తరించాయి.

సెటిల్ సంతలో పాలవిరుగుడు టార్ట్ దొరుకుతుంది. యార్క్‌షైర్ వాళ్లు కర్డ్ టార్ట్ అంటారు, ఎండు ద్రాక్ష, జాజికాయ వేస్తారు. నోట్లో పెట్టుకుంటే మన జున్ను గుర్తుకు రాకుండా ఉండదు. ఇక్కడి నుంచి పిలుపు ‘పెట్’ పోయి ‘లవ్’ అవుతుంది.

హెలిఫీల్డ్‌లో బండి మారే వ్యవధి చాలు. 1880 నాటి ఈ జంక్షన్ గాజు కప్పును మోసే ఇనుప చేతుల్లో మిడ్‌లాండ్ గుర్తు అయిన రెక్కల డ్రాగన్ మెలికలు తిరిగి ఉంటుంది. సాల్టేర్‌లో దిగితే చూడటానికి స్టేషన్ భవనమే లేదు. 1856లో తెరిచి, 1965లో మూసి, 1984లో మళ్లీ తెరిచారు. ఉన్నిమిల్లు కూలీల కోసం టైటస్ సాల్ట్ కట్టించిన ఊరు ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది, దాని స్టేషన్ మాత్రం రెండు ప్లాట్‌ఫారాలు, కూర్చునే చిన్న గూళ్లు. అయినా బండ్లు నిండుగా ఆగుతున్నాయి. స్టేషన్‌కు భవనం కన్నా ముందు బండి కావాలి.

ఐదో రోజు, ఆదివారం: పికరింగ్, గ్రోమాంట్, విట్బీ

యార్క్ నుంచి పికరింగ్‌కు బస్సే దారి, 3 పౌండ్లే. రైలు మార్గం 1965 మార్చిలో మూతపడింది. ఉత్సాహవంతులు కొనుక్కుని 1973లో పికరింగ్–గ్రోమాంట్ 18 మైళ్లు మళ్లీ నడిపించారు. ఆవిరి బండి టికెట్ బస్సు టికెట్‌కు ఎన్నో రెట్లు, కానీ ఆ డబ్బుతోనే ఇంజన్లు, వంతెనలు నిలబడుతున్నాయి.

పికరింగ్ స్టేషన్ 1840లలో జి. టి. ఆండ్రూస్ కట్టినది. అతనికి పని ఇచ్చింది యార్క్ బట్టల వ్యాపారి, ‘రైల్వే రాజు’ జార్జి హడ్సన్. తేలికైన ఇనుప దూలాలు, పైన పలకరాయి, మధ్యలో గాజు, ఇదే ఆండ్రూస్ పద్ధతి. 1849లో హడ్సన్ లెక్కల మోసం బయటపడి కూలిపోయాడు, ఆండ్రూస్ పనులూ ఆగిపోయాయి. ఇక్కడి కప్పు 1952లో తీసేశారు. బొగ్గు పొగలోని గంధకం తడితో కలిస్తే ఇనుమును తినేస్తుంది, దూలాలకు ఎప్పటికప్పుడు రంగు వేయకపోతే అంతే సంగతి. 2011లో పాత కొలతలతో కొత్త కప్పు వేశారు. వాన పడేటప్పుడు దాని కింద నిలబడితే ఆ ఖర్చు ఎందుకో తెలుస్తుంది.

గ్రోమాంట్‌లో ఇంజన్ షెడ్డుకు వెళ్లే నడకదారి ఒక ఇరుకు సొరంగం. 1830లలో గుర్రాలు లాగే పెట్టెల కోసం తవ్వారు, పక్కనే ఇంజన్ల కోసం తర్వాత తవ్వినది దీనికి రెండింతలు కనిపిస్తుంది.

విట్బీలో చేపలూ బంగాళాదుంప ముక్కలూ తినకుండా ఎవరూ రారు. ఒక మాట: యార్క్‌షైర్‌లో చాలా దుకాణాలు గొడ్డు కొవ్వులో వేయిస్తాయి. ఉత్త బంగాళాదుంపలే అడిగినా వేగేది అదే మూకుడులో. ఏ నూనె అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, బోర్డు చూపిస్తారు.

స్టేషన్ గోడ మీద నార్త్ ఈస్టర్న్ కంపెనీ తెల్ల పలకలతో చేయించిన పటం ఉంది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోది. పలకల మీద నల్లగీతలు విట్బీ నుంచి నాలుగు దిక్కులకూ పోతాయి: తీరం వెంట ఉత్తరానికి, తీరం వెంట స్కార్‌బరోకు, కొండల మీదుగా పికరింగ్‌కు, ఎస్క్ లోయ వెంట మిడిల్స్‌బరోకు. ఉత్తరం లైను 1958లో, స్కార్‌బరో, పికరింగ్ లైన్లు 1965లో పోయాయి. 1963 నాటి బీచింగ్ నివేదిక దేశంలో 2,363 స్టేషన్లు మూసేయమంది, విట్బీ పేరూ అందులో ఉంది. లోయలో శీతాకాలం బస్సులు నడవవు, పిల్లలు బడికి వెళ్లలేరు అన్నందుకు మిడిల్స్‌బరో లైను ఒక్కటి మిగిలింది. ఆల్‌స్టన్‌ను కొన్నాళ్లు కాపాడిన కారణమే.

రోజుకు కొద్ది బండ్లే, ఆదివారం ఇంకా తక్కువ, చివరిది తప్పితే రాత్రి అక్కడే. మిడిల్స్‌బరోకు గంటన్నర. నడుమ బాటర్స్‌బీ అనే చోట బండి ఆగుతుంది. ఎదురుగా పచ్చిక, ఒకప్పుడు అటు కొనసాగిన లైను మీద 1954లోనే ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. డ్రైవరు తన పెట్టె తలుపు మూసి, సంచి భుజానికి తగిలించుకుని ప్లాట్‌ఫారం పొడవునా రెండో కొసకు నడిచాడు. దారిలో ఫోన్‌లో సిగ్నల్ మనిషితో మాట్లాడి, ఒంటి లైను మీద వెళ్లడానికి అనుమతిగా ఉండే టోకెన్ తీసుకున్నాడు. కిటికీ పక్కనున్న ముసలావిడ లేచి, బండి ఎటు వెళ్తే అటు ముఖం ఉండేలా ఎదురు సీట్లోకి మారింది. బోగీలో మిగతా ఊరివాళ్లూ అదే పని చేశారు.